గార్సియా వెళ్లిపోయాడు, ఇప్పుడు ఎవరి జెర్సీ కొనాలి?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. 2023లో టెక్సాస్ రేంజర్స్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పటి నుంచి మా ఇంట్లో అందరికీ బేస్‌బాల్ పిచ్చి పట్టుకుంది. మా బాబుకి పదకొండేళ్లు. వాడి గదిలో గోడ నిండా అడోలిస్ గార్సియానే. 2025 నవంబర్‌లో గార్సియాని వదిలేశారు, రోజుల తేడాలో మార్కస్ సీమియన్‌ని న్యూయార్క్ మెట్స్‌కి ఇచ్చేసి బ్రాండన్ నిమ్మోని తెచ్చుకున్నారు. బాబు సరిగ్గా అన్నం కూడా తినలేదు. మా వారేమో "ఓనర్ పిసినారి, ఇక కోరీ సీగర్‌ని కూడా అమ్మేసి మొదటి నుంచి కట్టుకోవడమే" అంటారు. న్యూజెర్సీలో ఉండే మా మరిది మెట్స్ ఫ్యాన్. ఫ్యామిలీ గ్రూపులో రోజూ ఎగతాళే. నాకు ఐపీఎల్ వేలం బాగానే అర్థమవుతుంది కానీ ఈ జీతాల లెక్క బుర్రకెక్కడం లేదు. అసలు మా జట్టు ఎటు పోతోంది? బాబుకి కొత్త జెర్సీ కొనాలి, రెండేళ్లలో వెళ్లిపోని ఆటగాడి పేరు చెప్పండి. వచ్చే సీజన్‌కి టికెట్ ప్యాకేజీ తీసుకోవచ్చా?
— ఒక రేంజర్స్ అమ్మ, ఫ్రిస్కో

సమాధానం: ముందు మీ వారి మాట తేల్చేద్దాం. ఈ ఓనర్ని పిసినారి అనడం అన్యాయం. 2021లో ఈ జట్టు 102 మ్యాచ్‌లు ఓడిపోయింది. అలాంటి జట్టు అదే ఏడాది డిసెంబర్ 1న, లీగ్‌కి తాళాలు పడటానికి (ఆటగాళ్ల సంఘంతో ఒప్పందం ముగిసి ఓనర్లు లాకౌట్ ప్రకటించడానికి) కొన్ని గంటల ముందు, సీగర్‌తో పదేళ్లకు 32.5 కోట్ల డాలర్లు, సీమియన్‌తో ఏడేళ్లకు 17.5 కోట్ల డాలర్లు ఒప్పందం చేసుకుంది. ఇద్దరికీ కలిపి అర బిలియన్. మరుసటి ఏడాది పిచర్ (బంతి విసిరేవాడు) జేకబ్ డిగ్రామ్‌కి అయిదేళ్లకు 18.5 కోట్లు. ఆ డబ్బుతోనే 2023లో కప్పు వచ్చింది. 1972లో ఆర్లింగ్‌టన్‌కి వచ్చిన జట్టుకి అదే మొదటి కప్పు. 2011లో కప్పుకి ఒక్క స్ట్రైక్, అంటే ఒక్క మంచి బంతి, దూరంలో, ఒకే రాత్రి రెండుసార్లు చేజార్చుకున్న వాళ్లకి అది ఎంత పెద్ద సంగతో పాత అభిమానుల్ని అడిగితే చెబుతారు.

మరి ఇప్పుడెందుకు ఈ పొదుపు? మీకు ఐపీఎల్ తెలుసన్నారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. 2025 మెగా వేలానికి ముందు ప్రతి జట్టు చేతిలో ఒకే పర్సు, 120 కోట్ల రూపాయలు. సన్‌రైజర్స్ అందులోంచి క్లాసెన్‌కి 23, కమిన్స్‌కి 18, హెడ్‌కీ అభిషేక్ శర్మకీ చెరో 14, మన వైజాగ్ కుర్రాడు నితీశ్ రెడ్డికి 6 కోట్లు ఇచ్చి అట్టిపెట్టుకుంది. మిగిలిందే వేలానికి. ఎంత డబ్బున్న ఓనరైనా పర్సు దాటి ఒక్క రూపాయి పెట్టలేడు. బేస్‌బాల్‌లో ఆ పర్సు లేదు. ఎంతైనా పెట్టొచ్చు. ఒక గీత మాత్రం ఉంది, దాటితే పన్ను కట్టాలి. దాన్ని లగ్జరీ ట్యాక్స్ అంటారు. 2026కి ఆ గీత 24.4 కోట్ల డాలర్ల దగ్గర ఉంది. మొదటి ఏడాది దాటితే పైమొత్తం మీద 20 శాతం, వరసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. మరీ ఎక్కువ దాటితే పైన అదనపు వడ్డింపులు, కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో కోతలు. ఒక్క ఏడాది గీత కిందికి వస్తే చాలు, లెక్క మళ్లీ 20 నుంచి మొదలవుతుంది. రేంజర్స్ 2023లోనూ 2024లోనూ గీత దాటి పన్ను కట్టారు. వరసగా దాటుతూ పోతే వచ్చే 50 శాతం రేటు ఎందుకు నెత్తిన పెట్టుకోవాలని అనుకున్నారు. దాన్ని పిసినారితనం అనను. నేనైనా అదే చేసేవాణ్ని.

ఇంకో మెలిక ఉంది. ఈ గీతకి లెక్కపెట్టేది ఆ ఏడాది ఆటగాడి చేతికొచ్చే జీతం కాదు. ఒప్పందం మొత్తాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటు. అలా చూస్తే సీగర్ మూడుంబావు కోట్లు, డిగ్రామ్ 3.7, నేథన్ ఎవాల్డీ 2.5, కొత్తగా వచ్చిన నిమ్మో రెండు కోట్ల పైన. నలుగురికే దాదాపు పదకొండున్నర కోట్లు! గీతలో సగానికి దగ్గరగా వచ్చేశాం. లెక్కలో ఉండేది మొత్తం నలభై మంది జాబితా. ఆటగాళ్ల ఆరోగ్య బీమా, పెన్షన్ లాంటి వాటిలో జట్టు వాటా కూడా ఇందులోకే వస్తుంది. కాబట్టి మిగతా వాళ్లలో ఎక్కువమంది చవగ్గా దొరికే కుర్రాళ్లు కాకపోతే బండి నడవదు.

ఆ కుర్రాళ్లు చవగ్గా ఎలా దొరుకుతారో తెలిస్తే గార్సియా సంగతి మీకే అర్థమవుతుంది. బేస్‌బాల్‌లో పెద్ద లీగ్‌లో అడుగుపెట్టిన ఆటగాడు ఆరేళ్ల సర్వీసు నిండేదాకా ఆ జట్టువాడే. మొదటి మూడేళ్లూ దాదాపు కనీస జీతం. 2026లో అది 7 లక్షల 80 వేల డాలర్లు. తర్వాత మూడేళ్లు ఆర్బిట్రేషన్. జట్టు ఒక అంకె చెబుతుంది, ఆటగాడు ఒక అంకె చెబుతాడు, కుదరకపోతే మధ్యవర్తులు రెండింట్లో ఒకటి ఎంచుతారు. అక్కడ జీతం దాదాపు ఎప్పుడూ పైకే వెళుతుంది. నిరుడు బాగా ఆడకపోయినా సరే, పాత పేరు, పాత అంకెలు వెంట వస్తాయి. అందుకే ప్రతి నవంబర్‌లో జట్టుకి ఒక గడువు పెట్టారు: ఈ ఆటగాడికి వచ్చే ఏడాది ఒప్పందం ఇస్తారా, వదిలేస్తారా?

గార్సియాకి 2025లో ఇచ్చింది 92 లక్షల 50 వేల డాలర్లు. ఉంచుకుంటే 2026కి కోటీ ఇరవై లక్షల దాకా అవుతుందని అంచనాలు వచ్చాయి. 2023లో 39 హోమ్ రన్లు కొట్టినవాడు 2025లో 19 దగ్గర ఆగిపోయాడు, బ్యాటింగ్ సగటు .227. ఆన్-బేస్ (బేస్ మీదకి చేరిన నిష్పత్తి) అయితే .271, అంటే బ్యాటింగ్‌కి నిలబడిన ప్రతి నాలుగుసార్లలో దాదాపు మూడుసార్లు ఔట్. వయసు 32. జట్టు వదిలేశాక ఫిలడెల్ఫియా అతన్ని ఒక్క ఏడాదికి కోటి డాలర్లకు తీసుకుంది. బయట మార్కెట్ కూడా రేంజర్స్ కట్టాల్సిన దానికంటే తక్కువే కట్టిందన్నమాట. తీసుకున్న నిర్ణయం సరైనదే. తీసుకోవడం మాత్రం వాళ్లకీ సులువుగా ఉండి ఉండదు.

బాబుకి ఈ అంకెలు చెప్పకండి. ఇది చెప్పండి. క్యూబా నుంచి వచ్చిన గార్సియాని 2019 చివర్లో సెయింట్ లూయిస్ జట్టు వద్దనుకుంటే, రేంజర్స్ కాస్త నగదు ఇచ్చి తెచ్చుకున్నారు. 2021 ఫిబ్రవరిలో రేంజర్స్ కూడా అతన్ని నలభై మంది జాబితాలోంచి తీసేశారు. అప్పుడు మిగతా 29 జట్లలో ఎవరు చెయ్యెత్తినా దాదాపు ఉచితంగా దొరికేవాడు. ఎవరూ ఎత్తలేదు. అదే ఏడాది ఆల్‌స్టార్ అయ్యాడు. రెండేళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో సీగర్ హోమ్ రన్‌తో స్కోరు సమం చేస్తే, పదకొండో ఇన్నింగ్స్‌లో గార్సియా బంతిని కుడివైపు గోడ దాటించి మ్యాచ్ ముగించాడు. ఆ ఒక్క పోస్ట్‌సీజన్‌లోనే (ప్లేఆఫ్స్‌లోనే) 22 పరుగులు తెచ్చాడు, అది రికార్డు. వదిలేయడం అతనికి కొత్త కాదు. పోస్టర్ తీయించకండి, ఉండనివ్వండి.

సీమియన్ వ్యవహారం వేరు, అక్కడ నాకు కొంచెం గుచ్చుకుంటోంది. సీమియన్‌కి ఇంకా మూడేళ్లు, ఏడు కోట్ల పైచిలుకు బాకీ. నిమ్మోకి అయిదేళ్లు, దాదాపు పది కోట్లు. మెట్స్ పైన ఓ యాభై లక్షలు సర్దింది. ఏడాదికి చూస్తే నిమ్మో చవక. గీత దగ్గర నాలుగైదు మిలియన్ల వెసులుబాటు దొరుకుతుంది. సీమియన్‌కి 35 నిండాయి, పాదం గాయంతో సీజన్ మధ్యలోనే ఆగిపోయాడు. నిమ్మోకి 32, బేస్ మీదకి చేరడం తెలిసినవాడు, ఈ జట్టుకి కావాల్సింది సరిగ్గా అదే. ఇంతవరకు బాగుంది. కానీ 2029లో, 2030లో ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడేళ్ల ఔట్‌ఫీల్డర్‌కి ఏటా రెండు కోట్ల పైన కట్టాలి. సీమియన్ ఒప్పందం 2028తోనే అయిపోయేది. ఇవాళ్టి ఇరుకు తీర్చుకోవడానికి రేపటి జీతం మీద అప్పు తీసుకున్నారు. అవసరమైన అప్పే అనుకుంటున్నా, అప్పు అప్పే. పైగా గాయాలతో సతమతమైన మొన్నటి దాకా రోజూ గ్రౌండ్‌లోకి దిగి, కుర్రాళ్లకి పద్ధతి నేర్పినవాడు సీమియన్. 2023లో 162 మ్యాచ్‌లూ ఆడాడు. అది ఏ లెక్కల పట్టికలోనూ కనిపించదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, జట్టు ఎటు పోతోంది. నేను చూసే ఏడాది 2027. డిగ్రామ్ ఒప్పందం 2027తో అయిపోతుంది. ఎవాల్డీది కూడా 2027తోనే. డిగ్రామ్ మొదటి రెండేళ్లూ మోచేతి సర్జరీతో పోయాయి, రెండేళ్లలో కలిపి తొమ్మిది మ్యాచ్‌లు. తీసుకున్నదానికి ఆడలేదని అందరూ తిట్టుకున్నారు. అదే మనిషి 2025లో 30 మ్యాచ్‌లు మొదలుపెట్టి 2.97 సగటుతో ముగించాడు (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చిన పరుగుల లెక్క ఇది, ఎంత తక్కువైతే అంత మేలు). ఎవాల్డీ 22 మ్యాచ్‌లే ఆడినా 1.73. ఇలాంటి ఇద్దరు పిచర్లు ఒకే జట్టులో ఉండి కూడా 81 గెలుపులు, 81 ఓటములు. తప్పు ఎక్కడుందో చెప్పడానికి నిపుణులు అక్కర్లేదు. బ్యాట్లు పలకలేదు.

ఇంత పిచింగ్ చేతిలో ఉండగా అంతా అమ్మేసి మొదటి నుంచి కట్టుకుందామంటే నేనొప్పుకోను. 2026, 2027, ఈ రెండు సీజన్లూ గెలవడానికే వాడాలి. ఆ తర్వాత ఇద్దరి ఒప్పందాలూ తీరి గీత కింద ఆరు కోట్ల పైన ఖాళీ అవుతుంది. అప్పటికి కుర్రాళ్ల జీతాలు పెరుగుతాయి కాబట్టి ఆ ఖాళీ వాళ్లకే కావాలి.

మీ వారి మాటలో ఒక్క ముక్క మాత్రం పనికొస్తుంది. సీగర్‌ని అమ్మాలా వద్దా అన్నదానికి నిజంగానే గడియారం తిరుగుతోంది. పెద్ద లీగ్‌లో పదేళ్లు, అందులో చివరి అయిదేళ్లు ఒకే జట్టుతో పూర్తి చేసిన ఆటగాణ్ని అతని అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వకూడదు. సీగర్‌కి పదేళ్లు ఇప్పటికే నిండాయి. రేంజర్స్‌తో అయిదేళ్లు 2026 సీజన్‌తో నిండుతాయి. అంటే 2026 వేసవిలో ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) గడువు నాటికి జట్టు మునిగిపోయి ఉంటే, అప్పుడే ఈ చర్చ. అంతకు ముందు కాదు. అప్పుడు కూడా అమ్మమనే నేను చెప్పను, 2023 వరల్డ్ సిరీస్‌లో ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, అతనే. కాకపోతే ఏటా గాయాలతో కొన్ని వారాలు పోతున్నాయి, ఒప్పందం 2031 దాకా ఉంది. ఆ భయం నాకూ ఉంది.

పెద్ద ఒప్పందం ఎలా తిరగబడుతుందో ఈ ఊరికంటే బాగా తెలిసినవాళ్లు లేరు. 2000 డిసెంబర్‌లో ఇదే రేంజర్స్ అలెక్స్ రోడ్రిగెజ్‌కి పదేళ్లకు 25.2 కోట్లు రాసిచ్చారు. అప్పటికి అలాంటి అంకె ఎవరూ వినలేదు. అతను తన పని తాను చేశాడు, మూడేళ్లూ అమెరికన్ లీగ్‌లో (రేంజర్స్ ఆడే సగం లీగ్‌లో) హోమ్ రన్లు అతనివే ఎక్కువ. జట్టు మూడేళ్లూ డివిజన్‌లో ఆఖరి స్థానం. పిచర్లు లేరు. 2004లో యాంకీస్‌కి పంపేస్తూ, అతని జీతంలో 6.7 కోట్లు మేమే కడతామని ఒప్పుకోవాల్సి వచ్చింది. 2010లో రేంజర్స్ దివాలా కోర్టుకి వెళ్లినప్పుడు, తర్వాత ఇస్తామన్న జీతం బాకీల వల్ల రోడ్రిగెజ్ పేరు అప్పులవాళ్ల జాబితాలో పైనే ఉంది. వేరే జట్టులో ఆడుతున్న మనిషికి ఈ జట్టు బాకీ! అందుకే, డాడ్జర్స్ ఓతానీకిచ్చే 70 కోట్లలో 68 కోట్లు 2034 నుంచి ఇచ్చేలా వాయిదా వేశారు కదా, మనమూ అలా చేద్దాం అని ఎవరైనా అంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. లాస్ ఏంజెలెస్‌కి ఉన్న టీవీ రాబడి వేరు. రేంజర్స్ మ్యాచ్‌లు చూపించే కంపెనీ 2023లో దివాలా తీశాక, వీళ్లు 2025కి సొంతంగా ప్రసారాలు మొదలుపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ డబ్బు ఎంత నిలకడగా వస్తుందన్నదాని మీదే రేపటి జీతాల బడ్జెట్ ఆధారపడి ఉంటుంది.

మీ మరిదికి జవాబు కావాలంటే ఒక్క వాక్యం చాలు. హ్వాన్ సోటోకి 15 ఏళ్లకు 76.5 కోట్లు రాసిచ్చిన మొదటి ఏడాదే మెట్స్ 83 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్ బయట నిలబడింది. రేంజర్స్ కంటే రెండే రెండు గెలుపులు ఎక్కువ. ఆ రెండు గెలుపులకీ తలా ఎంత పడిందో లెక్కగట్టి గ్రూపులో పెట్టమనండి.

జెర్సీకి వస్తే, వయాట్ లాంగ్‌ఫర్డ్, 36వ నంబర్. 2023 డ్రాఫ్ట్‌లో నాలుగో ఎంపిక, 2024 సీజన్ మొదటి రోజునే జట్టులోకి వచ్చాడు. ఆరేళ్ల లెక్క 2029 సీజన్‌తో నిండుతుంది. 2026 దాకా కనీస జీతానికి దగ్గర్లోనే ఉంటాడు కాబట్టి డబ్బు కోసం అతన్ని వదిలించుకునే కారణం ఎవరికీ ఉండదు. ట్రేడ్ అనేది ఎవరికైనా జరగొచ్చు, కానీ ఇతన్ని ఇచ్చేస్తే ఆ రోజు నేను కూడా మీ వారి పక్షమే. ముందే పెద్ద ఒప్పందం చేసుకుని 2029 తర్వాత కొన్నేళ్లు కూడా కొనుక్కోవాలని నా కోరిక. ఆర్బిట్రేషన్ మొదలయ్యాక అడిగితే ధర వేరుగా ఉంటుంది.

బాబు పిచర్ కావాలంటే మాత్రం కుమార్ రాకర్. అమ్మ లలిత వైపు నుంచి భారతీయ మూలాలున్న కుర్రాడు, కాబట్టి ఆ పేరు మీ ఇంట్లో ఎవరూ తప్పు పలకరు. 2021లో మెట్స్ డ్రాఫ్ట్ చేసి, వైద్య పరీక్షలు చూసి సంతకం పెట్టలేదు (ఇది కూడా మరిదికి చెప్పొచ్చు). 2022లో రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకున్నారు. మోచేతి సర్జరీ దాటుకుని 2024 సెప్టెంబర్‌లో పెద్ద లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు. ఇంకా నిలదొక్కుకోలేదు, కాబట్టి ఈ జెర్సీలో కొంచెం జూదం ఉంది. పదకొండేళ్లవాడికి అది పెద్ద ఇబ్బంది కాదు.

టికెట్ల విషయంలో మీకు ఇంటి పక్కనే ఒక సౌకర్యం ఉంది, మీరు వాడుకుంటున్నట్టు ఉత్తరంలో కనిపించలేదు. రేంజర్స్‌కి కింద రెండో అంచెలో, కుర్రాళ్లు తయారయ్యే అనుబంధ జట్టు మీ ఫ్రిస్కో రఫ్‌రైడర్సే. రాకర్, లాంగ్‌ఫర్డ్, పిచర్ జాక్ లైటర్, అందరూ అక్కడ ఆడి పైకి వెళ్లినవాళ్లే. రైడర్స్ ఫీల్డ్‌లో టికెట్ చవక, పిల్లలకి ఔట్‌ఫీల్డ్ వెనక నీళ్లలో తేలుతూ మ్యాచ్ చూసే కొలను కూడా ఉంది. 2028 జట్టు ఎలా ఉండబోతోందో బాబు తన కళ్లతో అక్కడ చూడొచ్చు. ఆర్లింగ్‌టన్‌కి నెలకోసారి వెళితే సరిపోతుంది. కాబట్టి 2026కి చిన్న ప్యాకేజీ తీసుకోండి, పెద్దది వద్దు.

2027కి కూడా కలిపి రెండేళ్ల ప్లాన్ అంటగట్టబోతే మాత్రం ఆగండి. ఆటగాళ్ల సంఘానికీ ఓనర్లకీ మధ్య ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1న ముగుస్తుంది. పోయినసారి ముగిసినప్పుడు 99 రోజులు తాళాలు పడ్డాయి, సీజన్ ఆలస్యంగా మొదలైంది. ఈసారి ఐపీఎల్ పర్సులా జీతాలకి గట్టి పరిమితి పెట్టాలన్న మాట ఓనర్ల వైపు నుంచి గట్టిగా వినిపిస్తోంది. ఆటగాళ్ల సంఘం ఆ మాట వింటేనే మండిపడుతుంది. 1994లో ఆ గొడవతోనే సమ్మె జరిగి వరల్డ్ సిరీస్ రద్దయింది. పరిమితి వస్తే నేను పైన రాసిన లెక్కలన్నీ మళ్లీ వేసుకోవాలి, సీగర్ లాంటి ఒప్పందాల్ని అందులో ఎలా ఇరికిస్తారన్నది కూడా అప్పుడే తేలుతుంది. 2027 మ్యాచ్‌లు రద్దయితే డబ్బు వాపసు ఇస్తారా, లేక తర్వాతి ఏడాదికి జమ చేస్తామంటారా అన్నది కాగితం మీద చూపించమని అడిగి, వాపసు అని రాసి ఉంటేనే సంతకం పెట్టండి.